ఇంట్లో ఇద్దరు ముగ్గురికి క్యాన్సర్ వచ్చిందా? జీన్స్ వాటా ఎంత, అలవాట్ల వాటా ఎంత అని ఇంట్లోనే లెక్క చూస్కోడం ఎలా

"మా వంశంలోనే ఉందండీ, ఇంక మాకు తప్పదు" అనేవాళ్లు కొందరు, "మా ఇంట్లో ఏడు తరాల్లో ఎవరికీ లేదు, నాకేం కాదు" అని సిగరెట్ వెలిగించేవాళ్లు ఇంకొందరు. రెండూ తొందరపాటు మాటలే. ఒక ఇంట్లో వాళ్లు పంచుకునేది రక్తం ఒక్కటే కాదు కదా, ఒకే కట్టెలపొయ్యి పొగ, ఒకే డబ్బాలో పల్లీలు, తాత కాల్చిన చుట్ట చూసి నాన్న నేర్చుకున్న బీడీ, కాన్పులో తల్లి నుంచి బిడ్డకి వచ్చిన వైరస్, ఇవన్నీ కూడా వారసత్వంగానే వస్తాయి, కాకపోతే ఇవి జీన్స్ కాదు. ఏది ఏదో విడదీసి చూస్కుంటే మనం మార్చగలిగేది ఎంతుందో తెలుస్తుంది, అందుకే ఈ పోస్టు. పేపర్, పెన్ను, ఇంట్లో పెద్దవాళ్లతో ఒక సాయంత్రం, అంతే కావాల్సింది. డాక్టర్ దగ్గరకి వెళ్లక్కర్లేదని చెప్పట్లేదు, వెళ్లేటప్పుడు చేతిలో ఏం పట్టుకెళ్లాలో చెప్తున్నా.

ముందు ఒక విషయం బుర్రలో పెట్టుకోండి

మొత్తం క్యాన్సర్లలో పుట్టుకతో వచ్చిన ఒక బలమైన జీన్ మార్పు వల్ల వచ్చేవి 5 నుంచి 10 శాతం. అలాగని మిగతా 90 శాతంలో జీన్స్‌కి పాత్రే లేదని కాదు. స్వీడన్, డెన్మార్క్, ఫిన్లాండ్ దేశాల్లో 44,788 కవల జంటల్ని చూసి 2000లో ఒక పెద్ద స్టడీ వచ్చింది, అందులో వారసత్వం వాటా ప్రోస్టేట్ క్యాన్సర్‌లో 42 శాతం, పెద్దపేగు క్యాన్సర్‌లో 35, రొమ్ము క్యాన్సర్‌లో 27 అని తేలింది. కానీ అచ్చం ఒకేలా ఉండే కవలల్లో కూడా, అంటే జీన్స్ మొత్తం ఒకటే అయినవాళ్లలో కూడా, ఒకరికి వస్తే రెండోవాళ్లకి రాకపోవడమే ఎక్కువ. అంటే జీన్స్ చేతిలో పూర్తి పగ్గాలు ఎప్పుడూ లేవు.

ఈ రెండూ కలిసి ఎలా పని చేస్తాయో తెలియాలంటే 1971లో ఆల్ఫ్రెడ్ నడ్సన్ అనే డాక్టర్ చెప్పిన సంగతి చాలు. పిల్లల కంట్లో వచ్చే రెటినోబ్లాస్టోమా అనే క్యాన్సర్ కేసుల్ని చూసి ఆయన లెక్కగట్టాడు. కణం అడ్డదిడ్డంగా పెరగకుండా ఆపే జీన్ మనకి రెండు కాపీలు ఉంటుంది, స్కూటర్‌కి ముందు బ్రేకు, వెనక బ్రేకు ఉన్నట్టు. మామూలు మనిషికి ఒకే కణంలో రెండూ పాడవ్వాలి, దానికి చాలా టైం పడుతుంది. వారసత్వంగా ఒకటి ముందే పోయి పుట్టినవాళ్లకి రెండోది పోతే చాలు. ఆ రెండోది పోడానికి కారణం పొగ కావచ్చు, ఎండ కావచ్చు, వైరస్ కావచ్చు, కణం విడిపోయేటప్పుడు ఊరికే జరిగిన కాపీ తప్పు కూడా కావచ్చు. జీన్ ఉన్నవాళ్లకి క్యాన్సర్ చిన్న వయసులో రావడం ఇందుకే, కాబట్టి మీ పేపర్ మీద అన్నిటికంటే ముఖ్యమైన అంకె వయసు.

పేపర్ మీద చెట్టు గీయండి

అమ్మ వైపు, నాన్న వైపు, రెండూ గీయండి. రొమ్ము క్యాన్సర్ అనగానే అమ్మ వైపే అడుగుతారు మనవాళ్లు, అది తప్పు, రొమ్ము, ఓవరీ క్యాన్సర్ల రిస్క్ పెంచే బీఆర్‌సీఏ జీన్ మార్పు నాన్న నుంచి కూడా సగం ఛాన్స్‌తో వస్తుంది, నాన్నకి ఏ జబ్బూ లేకపోయినా ఆయన మేనత్తకో అక్కకో ఉండొచ్చు. అందుకని అమ్మమ్మ, పిన్ని, మేనమామలతో ఆపకుండా నాయనమ్మ, మేనత్తలు, పెదనాన్న, బాబాయ్ వాళ్లని కూడా రాయండి. మూడు తరాలు చాలు. ఇంట్లో అందరూ మగపిల్లలే అయితే ఇంకా జాగ్రత్తగా చూడాలి, జీన్ ఉన్నా బయటపడకుండా దాక్కుంటుంది.

అడిగేటప్పుడు "క్యాన్సర్ ఎవరికైనా వచ్చిందా" అని అడిగితే సగం మంది లేదనే అంటారు. వాళ్ల భాషలో అడగండి: కడుపులో గడ్డ వచ్చి పోయినవాళ్లు ఎవరు, రొమ్ములో కంతి కోయించుకున్నవాళ్లు ఎవరు, కరెంటు పెట్టించుకున్నవాళ్లు ఎవరు (రేడియేషన్‌ని పల్లెల్లో ఇప్పటికీ అలాగే అంటారు), జుట్టు రాలిపోయే మందు ఎవరికి ఎక్కించారు, పెద్ద జబ్బు అని ఎవరి గురించి గుసగుసగా చెప్పుకునేవాళ్లు. పెళ్లిసంబంధాలు చెడిపోతాయని దాచిపెట్టినవి ఇలా అడిగితేనే బయటికి వస్తాయి, అది కూడా వంటింట్లో కూర్చుని పెద్దత్తని ఒక్కదాన్నే అడిగితే, పదిమందిలో కాదు.

దొరికిన ప్రతి మనిషికీ పక్కన మూడు రాయాలి. మొదట ఎక్కడ మొదలైంది, ఏ వయసులో బయటపడింది, ఆధారం ఏంటి. "లివర్‌కి వచ్చింది" అంటే చాలాసార్లు ఇంకెక్కడో మొదలై లివర్‌కి పాకింది అని అర్థం, అందుకే పాత బయాప్సీ రిపోర్టు బీరువాలో ఉందేమో వెతికించండి. చనిపోయిన వయసు కాదు, బయటపడిన వయసు కావాలి.

మన రెండు రాష్ట్రాలకి ప్రత్యేకంగా ఇంకో ప్రశ్న ఉంది. గర్భసంచి ఎవరికి తీసేశారు, ఏ వయసులో, ఎందుకు. దేశంలో గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువ జరిగే రాష్ట్రాల్లో ఆంధ్ర, తెలంగాణ ముందుంటాయి, అదీ 40 దాటకుండానే. దీనివల్ల చెట్టు చదవడంలో ఒక చిక్కుంది. గర్భసంచి, ఓవరీలు ముప్పై ఐదేళ్లకే తీసేసిన అమ్మమ్మకి ఆ క్యాన్సర్లు వచ్చే అవకాశం దాదాపు ఉండదు, కాబట్టి ఆవిడ పేరు పక్కన "ఏమీ లేదు" అని రాస్తే అది జీన్ లేదనడానికి సాక్ష్యం కాదు. "తీసేశారు, తెలియదు" అని రాయండి.

మేనరికాలు ఉంటే భార్యాభర్తల మధ్య రెండు గీతలు గీయండి, జెనెటిక్స్ డాక్టర్లు కూడా అలాగే గీస్తారు. మేనరికం వల్ల బీఆర్‌సీఏ లాంటివి కొత్తగా పుట్టుకురావు, కానీ తల్లి తండ్రి ఇద్దరి నుంచీ పాడైన కాపీ వస్తేనే కనపడే, క్యాన్సర్ రిస్క్ పెంచే జబ్బులు ఉన్నాయి, ఫాంకోని అనీమియా, జీరోడెర్మా పిగ్మెంటోసం లాంటివి, అవి ఇలాంటి ఇళ్లలో ఎక్కువ బయటపడతాయి. ఈ రెండో జబ్బు గురించి ఒక్క మాట చెప్పాలి, ఎందుకంటే జీన్, వాతావరణం కలవడం అంటే ఇంతకంటే శుభ్రమైన ఉదాహరణ లేదు. ఎండలోని యూవీ వల్ల డీఎన్‌ఏకి అయ్యే డ్యామేజీని బాగుచేసే మెకానిజం వీళ్లలో పనిచెయ్యదు, 1968లో జేమ్స్ క్లీవర్ దీన్ని కనిపెట్టాడు. 20 ఏళ్లలోపు వయసులో వీళ్లకి మామూలు రకం చర్మ క్యాన్సర్ల రిస్క్ 10,000 రెట్లు ఎక్కువ. అదే పిల్లల్ని చిన్నప్పట్నుంచే ఎండ తగలకుండా గట్టిగా కాపాడితే ఆ క్యాన్సర్లు చాలా వరకు ఆపొచ్చు. జీన్ అదే, మారలేదు, తగిలే ఎండ మారింది అంతే.

ఇప్పుడు రెండో కాలమ్

ఈ భాగం ఎవరూ చెయ్యరు, నా ఉద్దేశంలో సగం విలువ ఇక్కడే ఉంది. ప్రతి మనిషి పేరు పక్కన ఇంకో గడి గీసి, ఆ మనిషి ఒంటికి ఏం తగిలిందో రాయండి. చుట్ట, బీడీ, సిగరెట్, ఖైనీ, గుట్కా, జర్దా కిళ్లీ. ఉత్త వక్క కూడా రాయండి, పొగాకు లేకపోయినా వక్క క్యాన్సర్ కారకమే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం తేల్చింది, భోజనం అయ్యాక వక్కపొడి వేస్కునే అమ్మమ్మల్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మందు, ఎంత, ఎన్నేళ్లు. కట్టెలపొయ్యి మీద ఎన్నేళ్లు వండింది. చేసిన పని ఏంటి, నిజామాబాద్, జగిత్యాల వైపు అయితే బీడీలు చుట్టడం, ఇంకోచోట బట్టల రంగులు, ఆస్బెస్టాస్ రేకులు కోయడం, పెట్రోల్ బంకు, వెల్డింగ్, పొలంలో మందు కొట్టడం. హెపటైటిస్ బి ఉందా. బరువు. చిన్నప్పుడు ఎప్పుడైనా రేడియేషన్ ట్రీట్‌మెంట్ అయ్యిందా.

ఇక్కడ వాట్సాప్‌లో వచ్చే "ఇది తింటే క్యాన్సర్" లిస్టులు పక్కన పెట్టండి. అదే ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం లిస్టులో గ్రూప్ 1 క్యాన్సర్ కారకం అని చూసి కంగారు పడతారు, ఆ గ్రూపు చెప్పేది సాక్ష్యం ఎంత గట్టిగా ఉందనేది, రిస్క్ ఎంత పెద్దదనేది కాదు. సాసేజ్, బేకన్ లాంటి ప్రాసెస్డ్ మాంసం, సిగరెట్ రెండూ అదే గ్రూపులో ఉన్నాయి, రెండూ ఒకే ప్రమాదం అని ఎవరూ అనలేదు.

రెండు కాలమ్స్ పక్కపక్కన పెట్టి చదవండి

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరం పల్లెల్లో ఆడవాళ్లు చుట్ట వెలిగించి నిప్పు ఉన్న కొసని నోట్లో పెట్టుకుని కాలుస్తారు, అడ్డపొగ అంటారు. ఆ వేడి, ఆ పొగ నేరుగా అంగిలికి కొడుతుంది. మిగతా ప్రపంచంలో అరుదుగా కనిపించే అంగిలి క్యాన్సర్ అక్కడ ఎక్కువగా ఉందని 1950ల్లోనే మన డాక్టర్లు రాశారు. ఇప్పుడు ఊహించండి, అలాంటి ఇంట్లో అమ్మమ్మకి, అమ్మకి, పిన్నికి అంగిలి పుండ్లు. మొదటి కాలమ్ మాత్రమే చూస్తే అబ్బో ఎంత గట్టి జీనో అనిపిస్తుంది. రెండో కాలమ్ తెరిస్తే ముగ్గురి పక్కనా అడ్డపొగ అనే ఉంటుంది, కూతురు ఆ అలవాటు నేర్చుకుంది తల్లి దగ్గర. ఆ ఇంట్లో వేలు పోసి డీఎన్‌ఏ టెస్టు చేయించడం కంటే మిగిలిన ఆడవాళ్ల చేత చుట్ట మాన్పించి, నోరు తెరిపించి డెంటిస్టుకి చూపించడం వెయ్యి రెట్లు మేలు.

ఇలా తేడా పట్టడానికి నేను చెప్పే చిట్కా, కోడళ్లని అల్లుళ్లని చూడండి. వాళ్లకి ఆ వంశం రక్తం లేదు కానీ అదే ఇల్లు, అదే తిండి, అదే నీళ్లు. వాళ్లకి కూడా వస్తుంటే అనుమానం ఇంటి మీదకి వెళ్లాలి, వంశం మీదకి కాదు. (కోడలు మేనకోడలే అయితే ఈ చిట్కా పనిచెయ్యదు, మన ఇళ్లలో అదో తలనొప్పి.) రెండోది, ఊరు వదిలి వెళ్లినవాళ్లని చూడండి. జపాన్ నుంచి హవాయి వెళ్లి స్థిరపడిన కుటుంబాల్లో కడుపు క్యాన్సర్ తగ్గి, రొమ్ము, పెద్దపేగు క్యాన్సర్లు పెరిగి, అక్కడి అమెరికన్ల లెక్కకి దగ్గరగా వచ్చాయి. సముద్రం దాటినంత మాత్రాన జీన్స్ మారవు కదా, తిండి, బరువు, కాన్పులు, ఇన్ఫెక్షన్లు మారాయి.

జీన్ వైపు వేలు చూపించే గుర్తులు వేరు. 45, 50 లోపు వయసులో రావడం, రెండు రొమ్ములకీ రావడం, ఒకే మనిషికి రెండు వేరువేరు క్యాన్సర్లు, మగవాళ్లకి రొమ్ము క్యాన్సర్, ఓవరీ క్యాన్సర్ ఒక్కరికి వచ్చినా సరే, పిల్లలకి రెండు కళ్లలో రెటినోబ్లాస్టోమా. ఒకే వైపు బంధువుల్లో పెద్దపేగు, గర్భసంచి క్యాన్సర్లు కలిసి కనపడితే లించ్ సిండ్రోమ్ (ఈ క్యాన్సర్ల రిస్క్ పెంచే, వారసత్వంగా వచ్చే జీన్ మార్పు) గుర్తుకు రావాలి. దీని కథ 1895లో మొదలైంది, అమెరికాలో మిషిగన్‌లో ఆల్‌డ్రెడ్ వార్తిన్ అనే డాక్టర్ దగ్గర బట్టలు కుట్టే ఆవిడ, మా ఇంట్లో అందరూ పేగు క్యాన్సర్‌తోనో గర్భసంచి క్యాన్సర్‌తోనో పోతారు నేనూ అలాగే పోతానని చెప్పింది, అలాగే గర్భసంచి క్యాన్సర్‌తో పోయింది. ఆయన ఆ ఇంటి చెట్టు గీసి పెట్టుకున్నాడు. జీన్ టెస్టులు వచ్చింది దాదాపు వందేళ్ల తర్వాత, అప్పటిదాకా పనికొచ్చింది మీరు ఇప్పుడు గీస్తున్న లాంటి పేపరే.

వీటితో పాటు మూడో అవకాశం ఉంది, వంశం లాగా కనపడే ఇన్ఫెక్షన్. హెపటైటిస్ బి తల్లి నుంచి బిడ్డకి కాన్పులో వస్తుంది, ఆ పిల్లలు పెద్దయ్యాక లివర్ క్యాన్సర్ వస్తే అన్నదమ్ములు ముగ్గురికీ వరసగా వచ్చినట్టు ఉంటుంది. కడుపులో ఉండి కడుపు క్యాన్సర్‌కి దారితీసే హెలికోబాక్టర్ పైలోరీ బాక్టీరియా కూడా ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి అంటుతుంది. లివర్ లేదా కడుపు క్యాన్సర్ చెట్టులో రెండుసార్లు కనపడితే జీన్ టెస్టు కంటే ముందు ఈ రెండు పరీక్షలు చేయించండి, తక్కువ ఖర్చు, ఫలితం వస్తే చేయడానికి పని కూడా ఉంది.

రెండూ కలిసినచోట అసలు ప్రమాదం

మొదట జీన్ లేకుండా లెక్క చూద్దాం, తేలిగ్గా అర్థమవుతుంది. షాంఘైలో 18,000 పైచిలుకు మగవాళ్ల మీద చేసిన స్టడీలో, పల్లీలు, మొక్కజొన్న లాంటి వాటికి పట్టే బూజు నుంచి వచ్చే అఫ్లాటాక్సిన్ విషం ఒక్కటే ఉంటే లివర్ క్యాన్సర్ రిస్క్ 3.4 రెట్లు, హెపటైటిస్ బి ఒక్కటే ఉంటే 7.3 రెట్లు, రెండూ ఉన్నవాళ్లకి 59 రెట్లు. కూడితే 11 కూడా రాదు, గుణించినా 25 దగ్గర ఆగాలి, అది కూడా దాటిపోయింది. పైగా ఆ విషం, కణం అడ్డదిడ్డంగా పెరగకుండా ఆపే టీపీ53 అనే జీన్‌లో ఎక్కువగా ఒకే చోట ఒకే అక్షరం మార్చేస్తుంది, గడ్డని పరీక్షిస్తే చాలాసార్లు ఆ మార్పు దొరుకుతుంది. అనంతపురం పల్లీ రైతుకి ఇది దూరపు సంగతి కాదు, కోత అయ్యాక కాయ సరిగ్గా ఎండకపోతే బూజు పడుతుంది, పటాన్‌చెరులో ఉన్న పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్లు ఏళ్ల తరబడి దీని మీద పని చేస్తున్నారు. మీకు హెపటైటిస్ బి ఉంటే ముడుచుకుపోయిన, రంగు మారిన, చేదు పల్లీలు వేయించి తినేద్దాం అనుకోవద్దు, వేయిస్తే ఆ విషం పూర్తిగా పోదు, పారెయ్యండి. ఇంట్లో పుట్టే బిడ్డకి పుట్టిన రోజే హెపటైటిస్ బి టీకా వేయించండి.

ఇప్పుడు జీన్‌ని కలుపుదాం. జపాన్‌లో 2023లో వచ్చిన స్టడీ ఇది. హెలికోబాక్టర్ పైలోరీ ఉండి మామూలు జీన్స్ ఉన్నవాళ్లకి 85 ఏళ్లు వచ్చేసరికి కడుపు క్యాన్సర్ వచ్చే అవకాశం 14 శాతం. అదే బాక్టీరియా ఉండి, బీఆర్‌సీఏ లాంటి డీఎన్‌ఏ రిపేర్ జీన్స్‌లో మార్పు కూడా ఉన్నవాళ్లకి 45 శాతం. బాక్టీరియా లేనివాళ్లలో జీన్ మార్పు ఉన్నా రిస్క్ చాలా తక్కువ. ఇది చదివినప్పుడు నాకు భలే నచ్చింది, ఎందుకంటే జీన్‌ని మనం తీసెయ్యలేం కానీ ఈ బాక్టీరియా రెండు వారాల యాంటీబయాటిక్ కోర్సుతో పోయేది. ఇంట్లో బీఆర్‌సీఏ తేలినవాళ్లు గ్యాస్ట్రో డాక్టర్‌ని ఈ పరీక్ష గురించి అడగడంలో తప్పు లేదు.

బీఆర్‌సీఏ గురించి ఇంకోటి. 1990లో ఈ జీన్ ఏ క్రోమోజోమ్ మీద ఉందో చూపించిన శాస్త్రవేత్త మేరీ క్లేర్ కింగ్, 2003లో ఇంకో లెక్క బయటపెట్టారు. ఈ జీన్ మార్పు ఉన్న ఆడవాళ్లలో 1940కి ముందు పుట్టినవాళ్లకి 50 ఏళ్లు వచ్చేలోపు రొమ్ము క్యాన్సర్ అవకాశం 24 శాతం, 1940 తర్వాత పుట్టినవాళ్లకి 67 శాతం. జీన్ అదే, కాలం మారింది. టీనేజ్‌లో బాగా ఒళ్లు వంచి ఆటలాడినవాళ్లకి, లావు కానివాళ్లకి జబ్బు ఆలస్యంగా వచ్చింది. కాబట్టి జీన్ ఉన్న ఇంట్లో ఆడపిల్లని ట్యూషన్ల పేరుతో గ్రౌండ్ మాన్పించకండి, ఇది నా సొంత సలహా కాదు, ఆ లెక్కలు చెప్తున్నదే.

జీన్స్ ఇంకో రకంగా కూడా దారిలోకి వస్తాయి, ఒంట్లోకి వెళ్లిన విషాన్ని ఎంత తొందరగా విరగ్గొట్టాలో అవే తేలుస్తాయి. సిగరెట్ పొగలో, రంగుల ఫ్యాక్టరీల్లో ఉండే కొన్ని కెమికల్స్‌ని నాట్2 అనే జీన్ తయారుచేసే ఎంజైమ్ విరగ్గొడుతుంది, ఇది మెల్లగా పనిచేసేవాళ్లు సిగరెట్ తాగితే మూత్రాశయం క్యాన్సర్ రిస్క్ మిగతా పొగరాయుళ్ల కంటే ఇంకా ఎక్కువ. మనవాళ్లలో ఈ మెల్ల రకం బాగా ఎక్కువ, టీబీకి వాడే ఐసోనియాజిడ్ మాత్ర కొందరి ఒంట్లో ఎక్కువసేపు నిలిచిపోడానికి కారణం కూడా ఇదే. చైనా, జపాన్ వాళ్లలో చాలామందికి ఒక పెగ్గుకే మొహం ఎర్రబడుతుంది కదా, అది ఏఎల్‌డీహెచ్2 అనే జీన్‌లో మార్పు మహిమ, వాళ్లు తాగితే అన్నవాహిక క్యాన్సర్ రిస్క్ బాగా పెరుగుతుంది. మనలో ఆ మార్పు అరుదు, అందుకని మనం తాగొచ్చు అని అర్థం చేస్కోకండి.

మరి నాట్2 టెస్టు చేయించుకోవాలా? అక్కర్లేదు. టెస్టులో ఏం వచ్చినా చేయాల్సిన పని ఒకటే, సిగరెట్ మానడం. ఫలితాన్ని బట్టి చేసే పని మారుతుందా అని ఏ జీన్ టెస్టుకైనా ముందు ఇదే ప్రశ్న వేస్కోండి, మారకపోతే డబ్బులు దాచుకోండి.

టెస్టు చేయించాల్సి వస్తే

బీఆర్‌సీఏ, లించ్, టీపీ53 లాంటి వాటికి ఫలితాన్ని బట్టి పని నిజంగానే మారుతుంది. ఇక్కడ మనవాళ్లు ఆర్డర్ తప్పుతారు, బాగున్న కూతురికి ముందు చేయిస్తారు. ముందు చేయాల్సింది క్యాన్సర్ వచ్చిన మనిషికి, అదీ వీలైతే అందరికంటే చిన్న వయసులో వచ్చినవాళ్లకి. అమ్మలో ఫలానా మార్పు అని తెలిస్తే కూతురిలో దాన్నే వెతకొచ్చు, లేదంటే లేదు అని ధైర్యంగా చెప్పొచ్చు. అమ్మని చూడకుండా కూతురికి చేసి "ఏమీ లేదు" అని వస్తే దానికి పెద్ద అర్థం లేదు. క్యాన్సర్ వచ్చినావిడ పరిస్థితి బాలేకపోతే ట్రీట్‌మెంట్ మధ్యలోనే డాక్టర్‌ని అడిగి రక్తం శాంపిల్ ఇప్పించండి, ఇది చెప్పడానికి మనసు ఒప్పదు కానీ తర్వాత ఆ అవకాశం ఉండదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇంటికి తెప్పించుకునే ఉమ్మి టెస్టుల్ని నమ్ముకుని ఊరుకుంటారు. 2018లో అక్కడ పర్మిషన్ వచ్చిన అలాంటి టెస్టు ఒకటి బీఆర్‌సీఏలో మొదట్లో 3 మార్పులే చూసేది, అవి కూడా అష్కెనాజీ యూదుల్లో ఎక్కువగా ఉండేవి, కానీ తెలిసిన మార్పులు వేలల్లో ఉన్నాయి. చాలా చిన్న జీన్ తేడాలన్నీ కూడి స్కోరు ఇచ్చే రిపోర్టులు కూడా వస్తున్నాయి, వాటి వెనక ఉన్న డేటా ఎక్కువ శాతం యూరప్ మూలాల వాళ్లది, మన ఒంటికి ఆ అంకెలు సరిగ్గా అతకవు.

ఎక్కడికి వెళ్లాలంటే, హైదరాబాద్‌లో నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి ఉంది, విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా ఆస్పత్రి ఉంది, రెటినోబ్లాస్టోమాకి ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి. వెళ్లేటప్పుడు మీ రెండు కాలమ్స్ పేపర్, పాత బయాప్సీ రిపోర్టులు పట్టుకెళ్లండి, కౌన్సెలింగ్ సగం అక్కడే అయిపోతుంది. రిపోర్టులో "అర్థం తెలియని మార్పు" అని వస్తే (వీయూఎస్ అని రాసి ఉంటుంది) దాన్ని చూసి ఆపరేషన్లు చేయించుకోకూడదు, మన జనాభా డేటా తక్కువ కాబట్టి మనకి ఇవి ఎక్కువ వస్తాయి. ఏడాదికో రెండేళ్లకో ఒకసారి మళ్లీ అడిగితే చాలు.

తేలాక ఏం చేయాలి

లించ్ తేలితే 20, 25 ఏళ్ల నుంచే ఏడాదికో రెండేళ్లకో కొలొనోస్కోపీ (పెద్దపేగు లోపల కెమెరాతో చూసే పరీక్ష). జాన్ బర్న్ అనే డాక్టర్ టీం లించ్ ఉన్న 861 మంది మీద చేసిన ట్రయల్‌లో రోజుకి 600 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇచ్చి, పదేళ్లు గమనించి 2020లో ఫలితం చెప్పారు, ఆస్పిరిన్ వాడినవాళ్లలో 9 శాతం మందికి, వాడనివాళ్లలో 13 శాతం మందికి పెద్దపేగు క్యాన్సర్ వచ్చింది. అదే ట్రయల్‌లో ఊబకాయం ఉన్నవాళ్లకి రిస్క్ రెండు రెట్లకు పైగా పెరిగింది, ఆస్పిరిన్ వాడినవాళ్లలో మాత్రం ఆ అదనపు రిస్క్ కనపడలేదు. జీన్, బరువు, మాత్ర, మూడూ ఒకదానితో ఒకటి ఎలా ఆడుతున్నాయో చూడండి. కానీ ఆస్పిరిన్ కడుపులో రక్తస్రావం చేస్తుంది, మెడికల్ షాపులో కొనుక్కుని సొంతంగా మొదలుపెట్టేది కాదు.

బీఆర్‌సీఏ తేలితే 25 నుంచి రొమ్ముకి ఎంఆర్‌ఐ, పిల్లలు పుట్టాక ఓవరీలు, ట్యూబులు తీయించుకునే విషయం డాక్టర్‌తో మాట్లాడుకోవడం. 30 లోపు ఛాతీకి అనవసరమైన ఎక్స్‌రేలు, సీటీలు వద్దని గుర్తుచేయండి, ఈ జీన్ ఉన్నవాళ్లకి ఆ వయసులో రేడియేషన్ వల్ల రొమ్ము క్యాన్సర్ రిస్క్ పెరుగుతుందని 2012లో యూరప్ స్టడీ చెప్పింది. టీపీ53 మార్పు ఉన్నా, వారసత్వపు రెటినోబ్లాస్టోమా ఉన్నా ఇంకా గట్టిగా చెప్పాలి, రేడియేషన్ ట్రీట్‌మెంట్ ఇచ్చిన చోటే ఏళ్ల తర్వాత ఇంకో క్యాన్సర్ రావచ్చు. ఆస్పత్రి మారినప్పుడల్లా కొత్త డాక్టర్‌కి మొదటి మాటగా ఇది చెప్పండి, ఫైల్ మొదటి పేజీ మీద ఎర్ర పెన్నుతో రాసిపెట్టండి.

చెట్టులో జీన్ గుర్తులేమీ లేకపోతే రెండో కాలమ్ మీదే పని. పొగ మానిన పదేళ్లకి ఊపిరితిత్తుల క్యాన్సర్ రిస్క్ దాదాపు సగానికి పడిపోతుంది. ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా. 30 దాటినవాళ్లకి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం స్క్రీనింగ్ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో చేస్తారు, ఏఎన్ఎంని అడగండి. అమ్మకో నాన్నకో పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉంటే మీకు 40 ఏళ్లకి గానీ, వాళ్లకి వచ్చిన వయసుకి పదేళ్ల ముందు గానీ, ఏది ముందైతే అప్పుడు కొలొనోస్కోపీ.

ఇంతా రాసి చూస్కున్నాక రెండు కాలమ్స్‌లోనూ ఏమీ లేని మనిషికి క్యాన్సర్ వచ్చి ఉండడం మీ పేపర్ మీద కనపడొచ్చు. టొమాసెట్టి, వోగల్‌స్టైన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 2015లో దీనిమీదే రాసి పెద్ద గొడవ రేపారు, కణాలు ఎక్కువసార్లు విడిపోయే అవయవాల్లో ఊరికే జరిగే కాపీ తప్పులే ఎక్కువ క్యాన్సర్‌కి కారణం అన్నారు. ఎంత శాతం అన్న దాని మీద వాదనలు నడిచాయి గానీ అదృష్టం అనేది మూడో వాటాదారు అని చాలామంది ఒప్పుకున్నారు. కాబట్టి జబ్బు వచ్చినావిడ మంచం పక్కన నిలబడి "నువ్వు ఏం తిన్నావ్, ఎందుకు వచ్చింది" అని ఆరా తీయొద్దు, ఆ ప్రశ్నలు బాగున్నవాళ్లని అడగండి.

చివరి పని, ఆ పేపర్‌ని ఫోటో తీసి, జీన్ అనుమానం ఉన్న వైపు కజిన్స్‌కి విడివిడిగా పంపండి, ఫ్యామిలీ గ్రూపులో కాదు. పెళ్లి కావాల్సిన పిల్లలు ఉన్న ఇంటికి ముందు ఫోన్ చేసి మాట్లాడండి, తర్వాత పంపండి.